విస్కీ కంపెనీ ఉద్యోగం: ఢిల్లీ వైపు వెళ్ళనా, బయటికి వచ్చేయనా?

హైదరాబాద్ నుంచి 41 ఏళ్ళ పాఠకుడొకరు పేరు వెయ్యవద్దంటూ ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆయనది నెల్లూరు జిల్లా, కలిగిరి వైపు పల్లె. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. చేసి, ఒక సిమెంట్ కంపెనీలో అనుమతుల పని చూసి, తొమ్మిదేళ్ళ కిందట ఒక బహుళజాతి విస్కీ కంపెనీలో ప్రభుత్వ వ్యవహారాల విభాగంలో చేరారు. ఇప్పుడు దక్షిణాదిలో మూడు రాష్ట్రాలు ఆయన చేతిలో ఉన్నాయి. లేబుళ్ళ రిజిస్ట్రేషన్ (ఒక్కో బ్రాండును రాష్ట్రంలో అమ్మడానికి ఎక్సైజ్ శాఖ ఇచ్చే అనుమతి), ధరల సవరణ, మద్యం కొనే ప్రభుత్వ కార్పొరేషన్ల నుంచి రావలసిన బకాయిల వసూలు, కొత్త ఎక్సైజ్ విధానం వచ్చినప్పుడల్లా దాని మీద కంపెనీకి నోట్ రాయడం ఆయన పని. "సెక్రటేరియట్‌లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళున్నారు. ఊళ్ళో మాత్రం నేనేం చేస్తానో ఎవరికీ తెలియదు" అన్నారు.

తెలియకపోవడానికి కారణం అమ్మ. 1992లో ఆ ప్రాంతంలో సారా దుకాణాల ముందు బైఠాయించిన ఆడవాళ్ళలో ఆమె కూడా ఉన్నారు. కొడుకు "ఫుడ్ అండ్ బేవరేజెస్" కంపెనీలో ఉన్నాడని మాత్రమే ఆమెకు తెలుసు. భార్యకు అన్నీ తెలుసు, ఉద్యోగం మీద అభ్యంతరం లేదు, కానీ అత్తగారి ముందు నటించడం ఇక తన వల్ల కాదంటున్నారు. ఎనిమిదో తరగతి చదివే కూతురు స్కూలు ఫారంలో నాన్న ఉద్యోగం దగ్గర ఏం రాయాలని అడిగింది.

ఇప్పుడు ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో దేశం మొత్తానికి ప్రభుత్వ వ్యవహారాల అధిపతి పదవి ఇస్తామంటున్నారు. జీతం ఏడాదికి 38 లక్షల నుంచి 55 లక్షలవుతుంది. మరోవైపు హైదరాబాద్‌లోనే ఒక సౌర విద్యుత్ కంపెనీ 32 లక్షలకు రమ్మంటోంది. ఉత్తరం చివర, దాదాపు తోకలాగా, మూడు లైన్లున్నాయి. ఒక రాష్ట్రంలో లేబుళ్ళ రెన్యువల్ ఆగిపోయింది. కొత్తగా వచ్చిన బాస్ ఒక కన్సల్టెన్సీ పేరుతో 18 లక్షల బిల్లు పంపి, "సేవలు అందాయి" అని రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టకపోతే ఢిల్లీ అవకాశం పోతుందేమోనని ఈయన భయం. "అమ్మకు చెప్పి ఈ రంగంలోనే ఉండనా, చెప్పకుండానే బయటికి వచ్చేయనా?" అన్నది అడిగిన ప్రశ్న.

*

మీరు అడిగిన వరసలో జవాబు చెప్పలేను. అమ్మ సంగతి ముప్ఫై ఏళ్ళ నాటిది, ఇంకో నెల ఆగుతుంది. ఆ బిల్లు ఆగదు. సంతకం పెట్టాక మీ ముందున్న రెండు ఉద్యోగాల్లో ఏది ఎంచుకున్నా ఆ కాగితం మీ వెంటే వస్తుంది. కాబట్టి ముందు ఆ మూడు లైన్ల గురించి మాట్లాడదాం.

లేబుల్ రిజిస్ట్రేషన్‌కు ఏం కావాలో నాకంటే మీకే బాగా తెలుసు. ఫీజు నేరుగా ఖజానాకు చలాన్‌లోనో ఆన్‌లైన్‌లోనో కడతారు. లేబుల్ నమూనాలు, ట్రేడ్‌మార్క్ పత్రం, ల్యాబ్ పరీక్ష నివేదిక, ధర మీద అఫిడవిట్, పాత సంవత్సరం బకాయిలు లేవన్న కాగితం పెడతారు. వీటన్నిటినీ మీ విభాగమే తయారుచేస్తుంది, మీ మనుషులే అందజేస్తారు. మరి ఆ కన్సల్టెన్సీ చేసిందేమిటి? ఒక్క వాక్యంలో దీనికి జవాబు రాయలేకపోతే "సేవలు అందాయి" అని మీరు రాయలేరు.

మీ ఉత్తరంలో ఉన్న వివరాలనే పక్కపక్కన పెట్టి చూడండి. సంస్థ పెట్టి నాలుగు నెలలైంది. బిల్లులో పని వివరం "మార్కెట్ సపోర్ట్" అనే రెండు ముక్కలు. ఒప్పందం తేదీ బిల్లు తేదీ తర్వాతిది. సొమ్ము గుండు అంకె. రెన్యువల్ అయ్యాకే చెల్లింపు. ఆడిటర్ ఎవరైనా ఈ ఐదింటిలో రెండు కనబడగానే ఫైలు పక్కన పెడతారు. మీ దగ్గర ఐదూ ఉన్నాయి.

"మా పరిశ్రమలో ఇది మామూలే" అన్న మాట గురించి. ఈ పరిశ్రమలో ఇలాంటివి జరిగిన మాట నిజం, పట్టుబడిన మాట కూడా నిజం. 2011లో మద్యం కంపెనీ డియాజియో అమెరికా స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెక్యూరిటీస్ కమిషన్‌తో 1.6 కోట్ల డాలర్లకు పైగా చెల్లించి రాజీ పడింది. భారత్‌లో తమ సరుకు కొనే, అమ్మకానికి అనుమతిచ్చే ప్రభుత్వ ఉద్యోగులకు డిస్ట్రిబ్యూటర్ల ద్వారా డబ్బు వెళ్ళిందన్నది ఆ కేసులో ప్రధానమైన భాగం. 2018లో విస్కీ తయారుచేసే బీమ్ కంపెనీ అదే కమిషన్‌కు 80 లక్షల డాలర్ల పైచిలుకు కట్టింది. అక్కడా అదే దారి: మధ్యలో సేల్స్ ప్రమోటర్లు, పెంచి రాసిన బిల్లులు, లేబుళ్ళు, లైసెన్సులు. ఆ సంస్థే 2020లో అమెరికా న్యాయశాఖకు మరో 1.9 కోట్ల డాలర్లకు పైగా కట్టింది. అందులో ఒక ఆరోపణ, బాటిలింగ్ అనుమతి కోసం ఒక అధికారికి ఇచ్చిన 10 లక్షల రూపాయలది. మీ ముందున్న బిల్లు 18 లక్షలది.

విదేశాల్లో ఇచ్చే లంచాల మీద అమెరికాకున్న చట్టంలో లంచం ఒక్కటే నేరం కాదు, దాన్ని ఖాతా పుస్తకాల్లో వేరే పేరుతో రాయడం కూడా ఉల్లంఘనే. మీరు పెట్టబోయే సంతకం సరిగ్గా ఆ చోట పడుతుంది. 2025 ఫిబ్రవరిలో అమెరికా ఆ చట్టం అమలును కొంతకాలం నిలిపిందని విని ధైర్యపడకండి. చట్టం రద్దు కాలేదు. బ్రిటన్‌లో 2010 నాటి లంచాల చట్టం ఉంది. అన్నిటికీ మించి మన అవినీతి నిరోధక చట్టం ఉంది. 2018 సవరణ తర్వాత ఇచ్చినవాడు కూడా నేరస్థుడే: ఎనిమిదో సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలు. డబ్బు మధ్యవర్తి ద్వారా వెళ్ళిందన్నది అందులో సాకుగా పనికిరాదు. బలవంతం మీద ఇచ్చినవాళ్ళు ఏడు రోజుల్లో పోలీసులకో దర్యాప్తు సంస్థకో చెబితే రక్షణ ఉంది, ఆ తర్వాత లేదు. పదో సెక్షన్ ప్రకారం సంస్థ తరఫున లంచం వెళ్ళిందని తేలితే, దానికి సమ్మతించిన బాధ్యుడికి కనీసం మూడేళ్ళు. ఢిల్లీ పదవి ఆలోచించేటప్పుడు ఈ పదో సెక్షన్ మళ్ళీ గుర్తు తెచ్చుకుందాం.

ఇక చెయ్యవలసిన పని. బాస్‌కు ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో కాకుండా కంపెనీ మెయిల్‌లో రాయండి, లీగల్ విభాగానికి కాపీ పెట్టండి. ఆరోపణ వద్దు, ప్రశ్నలు చాలు: ఈ సంస్థతో ఒప్పందం ఏ తేదీది? నియామకానికి ముందు పూర్వాపరాల తనిఖీ ఎవరు చేశారు? ఏ తేదీన, ఎవరు, ఏ కార్యాలయానికి వెళ్ళారు? రాతపూర్వకంగా ఇచ్చిన పని ఏమైనా ఉందా? బ్యాంకు ఖాతా, జీఎస్టీ నమోదు ఒకే పేరున ఉన్నాయా? చివర ఒక వాక్యం: "ఈ పని నా పర్యవేక్షణలో జరగలేదు కనుక సేవలు అందాయని ధ్రువీకరించే స్థితిలో లేను." అంతకు మించి ఒక్క ముక్క రాయవద్దు.

ఆ మెయిల్ తర్వాత మూడు రకాలుగా జరగవచ్చు. బిల్లు చడీచప్పుడు లేకుండా వెనక్కి పోవచ్చు. లీగల్ పేరు చూడగానే బాస్‌లు తరచుగా ఈ దారే పడతారు. రెండోది, "సరే, ఇంకొకరు సంతకం పెడతారు" అనవచ్చు. అప్పుడు ఊరుకుంటే తెలిసీ ఊరుకున్నవాళ్ళ జాబితాలో చేరతారు. లిస్టెడ్ కంపెనీకి 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు మార్గం ఉండాలి, ఆడిట్ కమిటీ ఛైర్మన్ దాకా వెళ్ళే వీలుండాలి. మీది విదేశీ సంస్థకు చెందిన అన్‌లిస్టెడ్ కంపెనీ అయినా మాతృసంస్థ ఎథిక్స్ లైన్ ఉంటుంది, అక్కడ నమోదు చేయించి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. మూడోది, మీ ఢిల్లీ పదవి "కొంచెం ఆలస్యం" కావచ్చు. ఈ నష్టం నిజమైనదే, లేదని చెప్పను. కానీ అంతర్గత దర్యాప్తు మొదలైన రోజున సంతకం పెట్టినవాళ్ళూ పెట్టమన్నవాళ్ళూ ఒకరినొకరు చూపించుకుంటారు. మాటతో చెప్పినవాడి మీద కాగితం ఉండదు, సంతకం పెట్టినవాడి మీద ఉంటుంది.

రెండు జాగ్రత్తలు. కంపెనీ పత్రాలను సొంత మెయిల్‌కు పంపుకోవద్దు, ఇంటికి తీసుకుపోవద్దు. మంచి ఉద్దేశంతో చేసినా గోప్యత ఒప్పందం ఉల్లంఘన కిందికి వస్తుంది, తర్వాత మిమ్మల్ని తీసెయ్యడానికి అదే కారణమవుతుంది. ఎవరు ఎప్పుడు ఏమన్నారో తేదీలతో మీ సొంత డైరీలో రాసుకోండి. ఏ మెసేజీ చెరపకండి. రెండోది, దర్యాప్తుకు వచ్చే లాయర్ ఎంత మర్యాదగా మాట్లాడినా ఆయన కంపెనీ లాయర్, మీ లాయర్ కాదు. క్రిమినల్ ప్రాక్టీసు ఉన్న న్యాయవాదిని మీ డబ్బుతో ఒక గంట కలిసి, ఈ మెయిల్ పంపేముందు చూపించండి.

"మరి ఆగిపోయిన లేబుల్ సంగతి?" అని బాస్ అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సరుకు డిపోకు వెళ్ళదు, నెల అమ్మకం పోతుంది. దానికి దారులున్నాయి, నెమ్మదివి. లోపాలేమిటో రాతపూర్వకంగా అడగాలి. ఇచ్చిన ప్రతి జవాబుకూ ఇన్వర్డ్ నంబర్ తీసుకోవాలి. పక్షం రోజుల్లో కదలకపోతే కమిషనర్‌కు, అక్కడ కదలకపోతే ప్రిన్సిపల్ సెక్రటరీకి. మీ ఒక్క కంపెనీ సమస్య కాకపోతే మద్యం కంపెనీల సంఘాలైన ఇస్వాయ్ గానీ సీఐఏబీసీ గానీ పరిశ్రమ తరఫున లేఖ రాస్తుంది. అప్పటికీ తేలకపోతే 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్: "అనుమతి ఇప్పించండి" అని కాదు, "ఇన్ని వారాల్లోగా ఏదో ఒకటి తేల్చమని ఆదేశించండి" అని. ఇంత చిన్న కోరికను కోర్టులు సాధారణంగా కాదనవు. కోర్టుకెక్కితే అధికారులు మనసులో పెట్టుకుంటారని కంపెనీలు జంకుతాయి. ఆ భయానికి ఆధారం లేకపోలేదు, వచ్చే ఏడాది అదే బల్ల దగ్గర నిలబడాలి మరి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు రెన్యువల్‌కు మూడు నెలల ముందే ఫైలు పెట్టి, ఆలస్యానికి చోటు వదిలిపెట్టుకుంటారు.

ఇప్పుడు ఉద్యోగం. మీ రంగం స్వభావం మరోసారి తలచుకోవడం మంచిది, ఎందుకంటే ఢిల్లీ పని హైదరాబాద్ పనికి పెద్ద సైజు కాదు, వేరే పని.

మద్యం రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్రాల జాబితాలోది. తాగే మద్యం జీఎస్టీ బయట ఉంది. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అంటే మీ కంపెనీ చేసే ప్రతి పనీ ఒక అనుమతి. తెలుగు రాష్ట్రాల్లో మరీనూ: ప్రభుత్వమే నియంత్రించేది, పన్ను వేసేది, ధర నిర్ణయించేది, మళ్ళీ ప్రభుత్వ కార్పొరేషనే ఏకైక టోకు కొనుగోలుదారు. అమ్మేవాడికి ఎదురుగా ఒకే ఒక్క కౌంటరు. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ ధరలు, బకాయిల మీద విసిగి తెలంగాణకు బీరు సరఫరా ఆపింది, కొద్దిరోజుల్లో మళ్ళీ మొదలుపెట్టింది, మరుసటి నెల బీరు ధర 15 శాతం పెరిగింది. అంత అమ్మకం ఉన్న సంస్థకు అది చెల్లింది. చిన్న బ్రాండు అలా చేస్తే ఆ చోటు వేరేవాడు నింపేస్తాడు, దుకాణదారు మళ్ళీ అడగడు.

ఈ ఏర్పాటులో రెండు రకాల మనుషులు తయారవుతారు. పరిచయాల మీద నడిచేవాళ్ళు, అంకెల మీద నడిచేవాళ్ళు. ప్రభుత్వం మారితే మొదటివాళ్ళ ఫోన్లు మోగడం మానేస్తాయి. ఆంధ్రప్రదేశ్‌నే చూడండి. 2019 అక్టోబరులో దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి, పేరున్న బ్రాండ్లు చాలా వరకు కనబడకుండా పోయాయి. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలు మళ్ళీ లాటరీలో ప్రైవేటు చేతికి వెళ్ళాయి. మధ్య కాలపు కొనుగోళ్ళ మీద ఇప్పుడు ప్రత్యేక బృందం దర్యాప్తు చేస్తోంది. బిహార్‌లో 2016 ఏప్రిల్లో మార్కెట్టే లేకుండా పోయింది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే మీరు రెండో రకం. ధర సవరణ ఫైలు గురించి మీరు రాసిన పేరా చదివాక నాకీ నమ్మకం కలిగింది. స్పిరిట్ ధర పెరిగింది, సీసా ధర పెరిగింది అని ఏడిస్తే ఏ కార్యదర్శీ వినడు. అడిగిన పెంపుతో ఎమ్మార్పీ ఏ పన్ను శ్లాబులోకి పోతుంది, ఎన్ని పెట్టెల అమ్మకం తగ్గుతుంది, చివరికి ఖజానాకు పెరిగేదెంత అన్న పట్టిక పెడితే వింటాడు. ఆ పట్టిక వెయ్యగలిగినవాడికి ఈ దేశంలో ఎక్కడైనా పని దొరుకుతుంది. 55 లక్షల గురించి ఆలోచించేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

గురుగ్రామ్‌లో మీ పని ఎక్కువగా కేంద్రంతో. ఇప్పుడక్కడ నడుస్తున్నది సుంకాల కథ. 2025 ఫిబ్రవరిలో అమెరికా బూర్బన్ విస్కీ మీద దిగుమతి సుంకం 150 నుంచి 100 శాతానికి తగ్గింది. ఆ జూలై 24న సంతకమైన బ్రిటన్ ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద సుంకం 150 నుంచి ముందు 75కు, పదేళ్ళలో 40కి దిగాలి. ఇందులో దేశీ కంపెనీల వాదన వేరు: మన వేడికి పీపాలో విస్కీ త్వరగా పక్వమవుతుంది, ఏటా ఆవిరయ్యేది స్కాట్లాండ్‌లో కంటే చాలా ఎక్కువ, కనీసం మూడేళ్ళు నిల్వ ఉంచాలన్న వాళ్ళ నియమాన్ని మా మీద రుద్దవద్దు అని. బహుళజాతి కంపెనీలకు దేశీ బాటిలింగూ ఉంది, దిగుమతి స్కాచూ ఉంది, కాబట్టి ఏ వాదనను ఎంతవరకు మోయాలన్నది రోజూ తలనొప్పే. లేబుల్ మీద హెచ్చరికలు, వేరే సరుకుల ముసుగులో మద్యం ప్రకటనలు, మొలాసిస్ (చెరకు మడ్డి) ఇథనాల్‌కు వెళ్ళిపోయి స్పిరిట్ ధర పెరగడం, ఇవన్నీ బల్ల మీద ఉంటాయి. చదివి రాసే మనిషికి ఇది మంచి పని. మన దేశంలో లాబీయింగ్‌ను నమోదు చేయించే చట్టమే లేదు. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం ఎవరి కోసం ఎంత ఖర్చుతో ఏ సభను, ఏ ప్రభుత్వ శాఖను సంప్రదించారో రాసివ్వాలి. ఇక్కడ గీత ఎక్కడుందో మీరే గీసుకుని దాని ఇవతల నిలబడాలి.

అయితే దేశానికి అధిపతి అయ్యాక పాతిక రాష్ట్రాల "కన్సల్టెన్సీ" బిల్లులు మీ బల్ల మీదికే వస్తాయి. పదో సెక్షన్ అక్కడ వర్తిస్తుంది. కాబట్టి ఒప్పుకునే ముందు నాలుగు సంగతులు రాతలో అడగండి. సేల్స్ అధిపతికి కాక ఎండీకి నేరుగా జవాబుదారీ. మీ బోనస్ అమ్మకాలతోనో, లేబుళ్ళ అనుమతుల సంఖ్యతోనో ముడిపడకూడదు. ఈ రెండోదాని మీద పట్టుపట్టండి, ఎక్కడ బోనస్ ఉంటుందో చెడు అక్కడే మొదలవుతుంది. చేరిన మొదటి మూడు నెలల్లో బయటి కన్సల్టెంట్లందరి మీదా స్వతంత్ర ఆడిట్. డైరెక్టర్లు, అధికారులకు ఉండే బాధ్యత బీమాలో మీ పేరు, ఉద్యోగం వదిలాక కూడా పాత కేసులకు వర్తించేలా. వీటికి వాళ్ళు మొహం చిట్లిస్తే ఆ 17 లక్షల తేడా దేనికిస్తున్నారో మీకు అర్థమైపోతుంది.

సౌర విద్యుత్ కంపెనీ సంగతి. దాన్ని మీరు "పరువు కోసం నష్టపోవడం" అన్నారు. అంత తీసిపారేయకండి. అక్కడా కొనేది ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థే (డిస్కమ్), అక్కడా బకాయిలే, అక్కడా ప్రభుత్వం మారితే ధర తిరగదోడడమే. 2019లో ఆంధ్రప్రదేశ్ పాత సౌర, పవన విద్యుత్ ఒప్పందాల ధరలు తగ్గించబోతే వ్యవహారం హైకోర్టుకెక్కి 2022 మార్చిలో ఒప్పందం ధరే చెల్లించాలన్న తీర్పుతో తేలింది. అంటే మీ తొమ్మిదేళ్ళ పని అక్కడ దాదాపు అంతా పనికొస్తుంది. కొత్తగా నేర్చుకోవలసింది విద్యుత్ నియంత్రణ మండలి ముందు పిటిషన్ ఎలా నడుస్తుందన్నది, ఆరు నెలల పని. అక్కడ అన్నీ శుభ్రంగా ఉంటాయని మాత్రం అనుకోవద్దు. భూసేకరణలో, గ్రిడ్ కనెక్షన్లో ఇలాంటి బిల్లులే వేరే పేరుతో వస్తాయి. జీతం ఆరు లక్షలు తగ్గుతుంది, ఇల్లు మారక్కర్లేదు, పాప స్కూలు మారదు. రెండు మూడేళ్ళలో ఆ తేడా పూడవచ్చు, పూడకపోనూ వచ్చు.

మద్యంలో ఇంకో పదేళ్ళు ఉండిపోతే? 50 దాటాక బయటికి రావడం కష్టం. ఫార్మా, చక్కెర, ఇథనాల్ తీసుకుంటాయి, మిగతావాళ్ళు "లిక్కర్ మనిషి" అని ఆగుతారు. జీతం ఎక్కువని ఆన్‌లైన్ గేమింగ్ కంపెనీల్లోకి వెళ్ళినవాళ్ళకు 2025 ఆగస్టులో ఒక్క చట్టంతో పందెం ఆటల వ్యాపారమే ఆగిపోయింది. అటువైపు నుంచి పిలుపొస్తే గుర్తుంచుకోండి.

వదిలితే తర్వాత వేరే కంపెనీలో చేరకూడదన్న షరతుకు మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం ముగిశాక పెద్దగా బలం లేదు. గోప్యత షరతుకు ఉంది. రిటెన్షన్ బోనస్ (కంపెనీలో ఉండిపోయేందుకు ఇచ్చేది) తీసుకుని ఉంటే ఎంత కాలం లోపు వెనక్కి కట్టాలో చూసుకోండి. తొంభై రోజుల నోటీసు లెక్క అక్కడి నుంచే వెయ్యాలి.

ఇక అమ్మ.

మద్యం అమ్మడం తప్పా కాదా అన్నది నేను తేల్చను. 47వ అధికరణ మద్యనిషేధం వైపు ప్రయత్నించమంటుంది, రాష్ట్రాల బడ్జెట్లు మద్యం రాబడి మీద నిలబడి ఉంటాయి. దేశమే ఆ రెంటి మధ్య ఉంది. మీరు మాత్రం మీకు మీరు చెప్పుకుంటున్న ఒక మాటను ఆమె దగ్గరికి తీసుకుపోవద్దు: "అది సారా, మాది విస్కీ. అది కూలిజనం తాగేది, మాది పెద్దవాళ్ళు తాగేది." వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే పాకెట్లలో సారా పంపిన రోజులు చూసిన మనిషి ఆమె. సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోసమ్మ పేరు తెలిసిన, ఆ పక్క ఊళ్ళలో తానూ కూర్చున్న మనిషి. 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ తర్వాత ఆ ఇళ్ళలోకి వచ్చింది ఏ సీసానో ఆమెకు తెలియకుండా ఉంటుందా? మీ కంపెనీ అమ్మకాల్లో 180 మిల్లీలీటర్ల క్వార్టర్ల వాటా ఎంతో మీకు తెలుసు. ఆ అంకె తెలిసి ఆ వాదన చెయ్యకూడదు.

చెప్పకుండా బయటికి వచ్చేస్తే? సాధ్యమే. సౌర కంపెనీలో చేరి "కంపెనీ మారానమ్మా" అంటే చాలు. నటన అక్కడితో ఆగుతుంది, కానీ తొమ్మిదేళ్ళ సంగతి భార్య, కూతురు, కొందరు బంధువుల నోట్లో ఉండిపోతుంది. ఏ పెళ్ళిలోనో ఎవరో అనేస్తారు. ఢిల్లీ వెళితే అదీ సాధ్యం కాదు. నియామకం రోజే కంపెనీ ప్రకటన ఇస్తుంది, సుంకాల మీద పత్రికలు మీ మాట వేస్తాయి, ఊళ్ళో ఏ కుర్రాడో ఫోన్లో చూపిస్తాడు. ఢిల్లీ ఒప్పుకుంటే ప్రకటనకు ముందే మీరు ఊరికి వెళ్ళాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు ఎంచుకునే వీలు లేదు.

ఎలా చెప్పాలంటారా, ఒంటరిగా వెళ్ళండి. భార్యను పక్కన కూర్చోబెట్టుకుంటే "నీకూ తెలుసన్నమాట" అని కోపం ఆమె మీదికి పోతుంది. ముందు విషయం చెప్పండి, కారణాలు తర్వాత: "అమ్మా, తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నది విస్కీ కంపెనీలో. నీకు చెప్పకుండా దాచాను." అనుమతి అడగవద్దు, "మానెయ్యమంటే మానేస్తాను" అనవద్దు. అది ఆమె నెత్తిన భారం పెట్టడం. ఆమె మీ డబ్బు వద్దనవచ్చు. మందులకు, ఇంటి మరమ్మతుకు మీరు పంపేది ఏ జీతంలోంచి వచ్చిందో ఆమెకు అప్పుడే తెలుస్తుంది కదా. బతిమాలకండి. మీ భార్య సంపాదన ఉంటే దాంట్లోంచి, లేదా సిమెంట్ కంపెనీ నాటి పీఎఫ్ సొమ్ములోంచి పంపే ఏర్పాటు ముందే ఆలోచించుకుని వెళ్ళండి. కొన్ని నెలలు మాట్లాడకపోవచ్చు. దసరాకు రాకపోవచ్చు. ఆ శిక్ష ఉద్యోగానికి కొంత, దాచినందుకు ఎక్కువ.

పాపకు ఇంత ఆలోచన అక్కర్లేదు. ఫారంలో "ప్రైవేటు కంపెనీలో ప్రభుత్వ వ్యవహారాల మేనేజర్" అని రాయమనండి. ఏ కంపెనీ అని అడిగితే పేరు చెప్పమనండి. నానమ్మకు చెప్పడం పూర్తయ్యే దాకా పాపను రహస్యం మోయమనకండి, అందుకే ఊరి ప్రయాణం త్వరగా పెట్టుకోండి.

వరస ఇదీ. ఈ వారం లాయర్, ఆ వెంటనే మెయిల్. మెయిల్‌కు జవాబు వచ్చేదాకా ఢిల్లీకి అవుననీ కాదనీ చెప్పకండి, "షరతుల మీద మాట్లాడాలి" అనండి. సౌర కంపెనీని మూడు వారాల గడువు అడగండి, ఈ స్థాయి పదవులకు ఆ మాత్రం ఆగుతారు. అక్కడ ఇంటర్వ్యూలో ఎందుకు వదులుతున్నారని అడిగితే బిల్లు సంగతి ఎత్తవద్దు, పాత కంపెనీ రహస్యం బయటపెట్టే మనిషని వాళ్ళే జంకుతారు. డిస్కమ్ బకాయిల వసూలుకు మీ దగ్గరున్న పద్ధతి చెప్పండి: ఏ నెల బిల్లు ఏ సెక్షన్‌లో ఎన్ని రోజులు ఆగిందో చూపించే ఆ ఏజింగ్ పట్టికను, అంకెలన్నీ మార్చి, ఒక ఖాళీ నమూనాగా తయారుచేసి తీసుకెళ్ళండి.